సబ్ లెఫ్టినెంట్‌కి ఆర్మీ కెప్టెన్ ఎదురైతే ఎవరు ఎవరికి సెల్యూట్ కొట్టాలి?

సింధియా_జంక్షన్ (ప్రశ్న):

ఎజిమల నేవీ అకాడమీకీ చెన్నై ఓటీఏ (ఆర్మీ ఆఫీసర్ల శిక్షణ అకాడమీ)కీ ఎంపికైన మన వైజాగ్ పిల్లల కోసం, ఎన్‌సీసీ పాత బ్యాచ్‌ల వాళ్లం కలిసి ఒక నోట్ తయారు చేస్తున్నాం. చెయ్యి ఎలా ఎత్తాలో అక్కడి ఉస్తాదులు ఎలాగూ వంట పట్టించేస్తారు. మా పేచీ అంతా కమిషన్ (ఆఫీసర్‌గా నియామకం) వచ్చాక సంగతి. జవానో సెయిలరో ఆఫీసర్‌కి సెల్యూట్ కొట్టడంలో ఎవరికీ అనుమానం లేదు. ఒకటి రెండేళ్ల తేడా ఉన్న ఇద్దరు కుర్ర ఆఫీసర్లు ఎదురుపడితే ఏం చేయాలన్న దగ్గరే తలో మాట వస్తోంది.

తేలనివి ఇవీ. నేవీ సబ్ లెఫ్టినెంట్‌కి ఆర్మీ కెప్టెన్ ఎదురైతే? నేవీ లెఫ్టినెంట్‌కి అదే కెప్టెన్ ఎదురైతే? ఇద్దరిదీ ఒకే హోదా అయితే సీనియారిటీ తేదీలు చూడాలా? టోపీ లేనప్పుడు, సివిల్ డ్రెస్‌లో ఉన్నప్పుడు, బండి మీద ఉన్నప్పుడు ఏమిటి? డిసెంబరు 4 నేవీ డే దగ్గర పడితే మన బీచ్ రోడ్డు మీద రకరకాల యూనిఫాంలు కనిపిస్తాయి కాబట్టి ఇవి ఊహించి వేసిన ప్రశ్నలు కావు. తెలిసినవాళ్లు కారణంతో సహా చెప్పండి. "మా దగ్గర ఇలాగే చేస్తారు" అంటే మావాళ్లు ఒప్పుకునేలా లేరు.


నేవల్‌పార్క్_పాతకాపు:

హోదా పేరు విని లెక్క వేయడం మానేయమని మీ నోట్‌లో మొట్టమొదటి వాక్యంగా రాయండి. భుజం చూసి లెక్క వేయాలి. ఎందుకంటే లెఫ్టినెంట్, కెప్టెన్ అనే రెండు పేర్లూ ఆర్మీలోనూ ఉన్నాయి, నేవీలోనూ ఉన్నాయి, కానీ మెట్లు వేరు.

కింది నుంచి వద్దాం. నేవీలో సబ్ లెఫ్టినెంట్‌కి ఒక బంగారు పట్టీ, దాని మీద గుండ్రటి చుట్టు. ఆర్మీలో అతనికి సమానం రెండు నక్షత్రాల లెఫ్టినెంట్, ఎయిర్‌ఫోర్స్‌లో ఒక పట్టీ ఫ్లయింగ్ ఆఫీసర్. సెకండ్ లెఫ్టినెంట్ అనే హోదా మన ఆర్మీలో ఇప్పుడు లేదు, పాత పుస్తకాలు చూసి దాన్ని నోట్‌లోకి ఎక్కించకండి. తర్వాతి మెట్టు నేవీ లెఫ్టినెంట్, రెండు పట్టీలు. ఇతనికి సమానం మూడు నక్షత్రాల ఆర్మీ కెప్టెన్, రెండు పట్టీల ఫ్లయిట్ లెఫ్టినెంట్. ఆ పైన లెఫ్టినెంట్ కమాండర్, రెండు లావు పట్టీల మధ్య ఒక సన్నది. అటు భుజం మీద జాతీయ చిహ్నం పెట్టుకున్న మేజర్, ఇటు స్క్వాడ్రన్ లీడర్. ఆపైన కమాండర్‌కి మూడు పట్టీలు, సమానం లెఫ్టినెంట్ కల్నల్, వింగ్ కమాండర్. నేవీ కెప్టెన్‌కి నాలుగు పట్టీలు. ఆయన ఆర్మీ కల్నల్‌కి, గ్రూప్ కెప్టెన్‌కి సమానం.

ఇప్పుడు మీ ప్రశ్నలకి జవాబు దానంతటదే వస్తుంది. సబ్ లెఫ్టినెంట్ ఆర్మీ కెప్టెన్‌కి సెల్యూట్ కొట్టాలి, ఒక మెట్టు కింద ఉన్నాడు కాబట్టి. నేవీ లెఫ్టినెంట్, ఆర్మీ కెప్టెన్ సమానులు, ఎవరికీ బాధ్యత లేదు. నేవీ లెఫ్టినెంట్‌కి ఆర్మీ లెఫ్టినెంట్ ఎదురైతే పేరు ఒకటే అయినా ఆర్మీ అతనే కొట్టాలి. అందరికంటే ఇబ్బంది పడేది ఆర్మీ కెప్టెన్. నేవల్ బేస్‌లో ఎవరో "కెప్టెన్ గారు వస్తున్నారు" అంటే తనతోటివాడే అనుకుని నిలబడిపోతాడు. వచ్చేది కల్నల్ హోదా మనిషి, తనకంటే మూడు మెట్లు పైన.

ఇంకో చిన్న సంగతి. ఐఎన్‌హెచ్‌ఎస్ కల్యాణి ఆసుపత్రికి వెళ్తే సర్జన్ లెఫ్టినెంట్, సర్జన్ కమాండర్ అనే పేర్లు వినిపిస్తాయి. ముందున్న సర్జన్ అనే మాట ఆయన డాక్టరని చెబుతుందే గానీ మెట్టు పెంచదు, తగ్గించదు. మిలిటరీ నర్సింగ్ సర్వీస్ ఆఫీసర్లవి ఆర్మీ తరహా హోదాలు, భుజం మీద నక్షత్రాలు ఉంటాయి. నేవీ ఆసుపత్రిలో నక్షత్రాలేమిటని తికమకపడొద్దు. అక్కడ పలకరింపు "మేడమ్". చాలామంది కుర్ర ఆఫీసర్లు పొరపాటున "సిస్టర్" అనేస్తారు.


రెండు_నక్షత్రాలు:

పైన చెప్పిన మెట్లు సరైనవే. సమాన హోదా గురించి కొంచెం కలుపుతాను, అసలు వాదన అక్కడే కదా.

ఒకే హోదాలో ఉన్న ఇద్దరిలో సీనియర్ ఎవరంటే ఆ హోదా ఎవరికి ముందు తేదీతో వచ్చిందో వారు. కమాండ్ ఎవరి చేతికి వెళ్లాలి, పరేడ్‌లో ఎవరు ముందు నిలబడాలి, బోర్డులో ఎవరు ప్రిసైడ్ చేయాలి అన్నప్పుడు ఆ తేదీ చాలా అవసరం. దారిలో ఎదురైనప్పుడు అవసరం లేదు. ఎదుటివాడి సీనియారిటీ తేదీ భుజం మీద రాసి ఉండదుగా. పైగా కొందరికి ఆ తేదీ వెనక్కి లెక్కిస్తారు, అంటే కమిషన్ తర్వాత వచ్చినా సీనియర్ అయ్యేవాళ్లు ఉంటారు. కాబట్టి సమానులు ఎదురైతే ఎవరు ముందు చూస్తే వాళ్లు పలకరిస్తారు, రెండోవాళ్లు బదులిస్తారు.

అయితే ఒక ఆనవాయితీ ఉంది. అకాడమీలో ఒక టర్మ్ ముందున్నవాడు జీవితాంతం "సర్" అనే. ఇద్దరూ లెఫ్టినెంట్లే అయినా, ఇద్దరూ కెప్టెన్లే అయినా జూనియర్ కోర్సు వాడు సర్ అనే పిలుస్తాడు. ఇది ఆజ్ఞ కాదు, కానీ పాటించకపోతే సాయంత్రం మెస్‌లో బార్ దగ్గర ఎవరో ఒకరు నవ్వుతూనే గుర్తు చేస్తారు. సెల్యూట్ హోదాకి, సర్ అనే మాట సీనియారిటీకి అని విడదీసి రాస్తే మీ పిల్లలకి తేలిగ్గా అర్థమవుతుంది.

హోదాలు పెరిగే తీరు కూడా ఒక ముక్క రాయండి. ఆర్మీలో కమిషన్ నుంచి రెండేళ్లకి కెప్టెన్, ఆరేళ్లకి మేజర్, పదమూడేళ్లకి లెఫ్టినెంట్ కల్నల్, ఇదంతా కాలాన్ని బట్టి, నిర్ణీత పరీక్షలూ షరతులూ పూర్తి చేస్తే వచ్చేది. అంటే లెఫ్టినెంట్‌గా ఉండే కాలం చాలా తక్కువ. నిరుడు భుజం తట్టి మాట్లాడిన స్నేహితుడికి ఈ ఏడు సెల్యూట్ కొట్టాల్సి రావచ్చు. యూనిఫాంలో బయట ఉన్నప్పుడు కొట్టాల్సిందే. గదిలోకి వెళ్లాక మళ్లీ పాత స్నేహమే.


గాజువాక_గురూ:

ఏటి గురూ ఇదంతా. సబ్ లెఫ్టినెంట్, లెఫ్టినెంట్ ఒకే టేబుల్ దగ్గర కూర్చుని తింటారు, ఒకే కేబిన్‌లో పడుకుంటారు. వాళ్లలో వాళ్లు సెల్యూట్లు కొట్టుకుంటారేటి? బ్రిటిష్ ఆర్మీలో కెప్టెన్‌ని కింది కుర్ర ఆఫీసర్లు పేరు పెట్టి పిలుస్తారని కూడా విన్నాను. మేజర్ నుంచే అసలు లెక్క మొదలవుతుందట.


నేవల్‌పార్క్_పాతకాపు:

గురూ, నువ్వు చెప్పేది భోజనాల బల్ల దగ్గర నిజం. వార్డ్‌రూమ్‌లో (ఓడలో ఆఫీసర్ల మెస్) గానీ మెస్‌లో గానీ ఎవరూ ఎవరికీ సెల్యూట్ కొట్టరు, అక్కడ టోపీయే ఉండదు. లోపలికి వెళ్లినవాడు అక్కడున్నవాళ్లలో పెద్దాయనకి "గుడ్ ఈవినింగ్ సర్" చెప్పి కూర్చుంటాడు. అంతటితో సరి.

అదే ఇద్దరూ జెట్టీ మీద, టోపీలు పెట్టుకుని, పక్కన నలుగురు సెయిలర్లు ఉండగా ఎదురైతే సబ్ లెఫ్టినెంట్ కొట్టాల్సిందే. చూసే సెయిలర్ నేర్చుకునేది దాన్నే. తన పైవాడికి కొట్టనివాడు, తనకి కింది నుంచి సెల్యూట్ రాలేదని ఏ మొహంతో మందలిస్తాడు?

బ్రిటిష్ పద్ధతి వాళ్ల రెజిమెంట్లకి సరిపోయింది. మన దగ్గర పైహోదా ఆఫీసర్‌కి కింది హోదా ఆఫీసర్ కొడతాడు, మధ్యలో మేజర్ గీత ఏమీ లేదు. అలాగే అమెరికన్ వీడియోలు చూసి నేర్చుకోవద్దని కూడా రాయండి. అమెరికన్ ఆర్మీ వాళ్లు తలపై టోపీ లేకుండా కూడా చెయ్యెత్తుతారు. మనకది లేదు. టోపీ, బెరెట్, సిక్కు ఆఫీసర్ల తలపాగా, ఏదో ఒకటి తల మీద ఉంటేనే చేతి సెల్యూట్. లేకపోతే సావధాన్‌లోకి వచ్చి, కళ్లు కలిపి, "గుడ్ మార్నింగ్ సర్" లేదా "జై హింద్ సర్". చెయ్యి పక్కనే ఉంటుంది. ఎదుటి సీనియర్‌కి టోపీ ఉండి, మీకు లేకపోయినా ఇదే పద్ధతి.


డ్రిల్‌షెడ్:

హోదాల సంగతి తేలింది కాబట్టి చెయ్యి సంగతి నేను చెబుతాను. ఉస్తాదులు నేర్పిస్తారని వదిలేశారు గానీ, ఎన్‌సీసీ ఆర్మీ వింగ్ నుంచి నేవీకి వెళ్లేవాళ్లకి అసలు చిక్కు అదే. రెండు మూడేళ్లు ఒక పద్ధతి అలవాటైపోయి ఉంటుంది.

ఆర్మీ సెల్యూట్‌లో అరచేయి తెరిచి ఎదుటివాడికి పూర్తిగా కనిపిస్తుంది. చెయ్యి పక్క నుంచి భుజం ఎత్తుకి వెళ్లి, మోచేయి మడిచి, చూపుడువేలి కొస కుడి కంటికి ఒక అంగుళం పైన ఆగుతుంది. పైకి వెళ్లేది పొడుగు దారి, కిందికి దిగేది దగ్గర దారి. నేవీలో అరచేయి నేల వైపు తిరిగి ఉంటుంది, ఎదుటివాడికి కనిపించకూడదు. తారు, గ్రీజు అంటిన చేతులు సీనియర్‌కి చూపించకూడదని అలా వచ్చిందని చెబుతారు. ఎయిర్‌ఫోర్స్ 2006లో తన పద్ధతి మార్చుకుంది. అంతకుముందు ఆర్మీలాగే ఉండేది, ఇప్పుడు అరచేయి నేలకి 45 డిగ్రీల వాలులో, రెండింటికీ మధ్యస్థంగా ఉంటుంది. ఎవరికి కొడుతున్నా సరే, ఎవరి సర్వీసు పద్ధతి వాళ్లదే. ఆర్మీ కెప్టెన్‌కి కొడుతున్నానని నేవీ వాడు అరచేయి తెరవడు.

తప్పులు ఎక్కడొస్తాయంటే, మొదటిది మణికట్టు. ముంజేయి నుంచి వేళ్ల కొసదాకా ఒకే గీతలో ఉండాలి. నేవీ పద్ధతికి మారినవాళ్లు అరచేయి తిప్పడానికి మణికట్టు వంచేస్తారు. తిప్పాల్సింది ముంజేయి మొత్తం. రెండోది బొటనవేలు, పక్కకి విడిపోతుంది. మూడోది తల. చెయ్యి తల దగ్గరికి రావాలి గానీ తల చేతి దగ్గరికి వంగకూడదు. అద్దం ముందు నిలబడితే ఇది తనకి తెలియదు, పక్కనుంచి ఇంకొకరు చూసి చెప్పాలి. నాలుగోది కుడి మోచేయి ముందుకి జారడం. పై చేయి భుజం గీతలోనే ఉండాలి. చెయ్యి పైకెళ్లేటప్పుడు ఎడమ భుజం కిందికి దిగిపోవడం కూడా చాలామందిలో ఉంటుంది, దానికి కారణం ఎడమ పిడికిలి బిగించి తొడకి ఆనించకపోవడం.

డ్రిల్ మైదానంలో "ఏక్, దో తీన్, ఏక్" అని లెక్క పెట్టుకుని చెయ్యి దించేస్తారు. అదే లెక్క బయట వేస్తే దెబ్బ తింటారు. బయట ఎదురుగా నిజం ఆఫీసర్ ఉంటాడు, ఆయన బదులు చెయ్యెత్తి దించేదాకా మీ చెయ్యి పైనే ఉండాలి. ఆయన ఫోన్ చూసుకుంటూ గమనించకుండా వెళ్లిపోతే, మిమ్మల్ని దాటాక దించేయండి. వెనక్కి తిరిగి నిలబడక్కర్లేదు.

నడుస్తూ ఎదురైతే మూడు నాలుగు అంగల దూరంలో మొదలుపెట్టాలి. మరీ దగ్గరికి వచ్చాక ఎత్తితే ఆయనకి బదులివ్వడానికి సమయం ఉండదు, పది గజాల నుంచే ఎత్తుకుని వస్తే నవ్వులాటగా ఉంటుంది. తల ఆయన వైపు తిప్పాలి, ఎడమ చెయ్యి ఊపడం ఆపి పక్కన ఉంచాలి, అడుగు మాత్రం ఆగకూడదు. పరుగులో ఉంటే ముందు నడకలోకి రావాలి.

కుడి చేతిలో సామాను ఉంటే ఎడమ చేత్తో కొట్టేవాళ్లని చూశాను. మన దగ్గర ఎడమ చేతి సెల్యూట్ లేదు. ఆఫీసర్‌గా బయట తిరిగేటప్పుడు ఫైలైనా బ్యాగైనా ఎడమ చేతిలో పట్టుకునే అలవాటు చేసుకుంటే ఈ బాధే ఉండదు. రెండు చేతులూ నిండి ఉంటే తల తిప్పి, నోటితో పలకరించాలి. కుడి చేతికి కట్టు ఉన్నా అంతే. రైఫిల్ చేతిలో ఉంటే చేతి సెల్యూట్ కాదు, ఆయుధంతో ఇచ్చే మర్యాద వేరే ఉంటుంది, దాన్ని ఈ నోట్‌లో కలపొద్దు.


జెట్టీ_నంబర్_లేదు:

ఓడ మర్యాదలు ఎవరూ రాయలేదు. వైజాగ్‌లో పోస్టింగ్ అంటే ఎక్కువమందికి ఓడే. ఆర్మీ పిల్లలకి కూడా అవసరం, నేవీ ఓడకి అతిథిగా వెళ్లినప్పుడు చూపులన్నీ వాళ్ల మీదే ఉంటాయి.

గ్యాంగ్‌వే (ఓడ ఎక్కే వంతెన) దాటి డెక్ మీద కాలు పెట్టగానే ఓడ వెనక భాగం వైపు, అంటే క్వార్టర్‌డెక్ వైపు తిరిగి సెల్యూట్. ఎదురుగా డ్యూటీలో నిలబడ్డ సెయిలర్‌కి, అంటే క్వార్టర్‌మాస్టర్‌కి కాదు అది. దిగి వెళ్లేటప్పుడూ మళ్లీ అంతే. చాలామంది దిగేటప్పుడు మర్చిపోతారు, ఎందుకంటే అప్పటికి ఎవరికో వీడ్కోలు చెబుతూ మాటల్లో ఉంటారు. ముందు వీడ్కోళ్లు ముగించి, తర్వాత గ్యాంగ్‌వే దగ్గరికి రావాలి. టోపీ గాలికి ఎగిరిపోయేది కూడా ఇక్కడే, రేవులో ఈదురుగాలి ఉన్న రోజు గట్టిగా అదుముకుని ఎక్కండి.

రేవులో ఉన్న ఓడల మీద ఉదయం 8 గంటలకి జెండా ఎగరేస్తారు, సూర్యాస్తమయానికి దించుతారు. ఆ సమయంలో బయట డెక్ మీద గానీ జెట్టీ మీద గానీ ఉంటే ఎక్కడివాళ్లక్కడ ఆగి, జెండా వైపు తిరిగి నిలబడాలి. ఆఫీసర్లు సెల్యూట్‌లో ఉంటారు. వరసలో నిలబెట్టిన దళమైతే దాన్ని నడిపించే ఆఫీసర్ ఒక్కడే చెయ్యెత్తుతాడు. "క్యారీ ఆన్" (ఇక మీ పని చూసుకోండి) అనే ఆజ్ఞ వినిపించేదాకా కదలకూడదు. 8 గంటలకి రెండు నిమిషాల ముందు కారు దిగి హడావుడిగా జెట్టీ మీద నడుస్తున్న కొత్త సబ్ లెఫ్టినెంటే ఇక్కడ దొరికిపోతాడు. అయిదు నిమిషాలు ముందుగానో తర్వాతగానో వచ్చేలా చూసుకోవాలి. ఇంకో మాట, పాత ఫోటోల్లో నేవీ జెండా మీద ఎర్ర క్రాస్ కనిపిస్తుంది. 2022 సెప్టెంబరు 2న ఐఎన్‌ఎస్ విక్రాంత్ ప్రవేశం రోజున దాన్ని మార్చేశారు. ఇప్పుడున్నది మూలన త్రివర్ణం, పక్కన నీలం అష్టభుజిలో లంగరు. నోట్‌లో బొమ్మ వేస్తే కొత్తది వేయండి.

ఓడ లోపల ఇరుకు దారుల్లో గంటకి నాలుగుసార్లు ఒకే మనిషి ఎదురవుతాడు. ప్రతిసారీ చెయ్యెత్తితే పని నడవదు. సాధారణంగా ఉదయం మొదటిసారి కలిసినప్పుడు మర్యాద, తర్వాత దారి ఇవ్వడం. కమాండింగ్ ఆఫీసర్ సంగతి వేరు, ఆయన ఎప్పుడు ఎదురైనా. నిచ్చెన మీద సీనియర్ వస్తుంటే జూనియర్ కిందో పైనో ఆగి దారి వదలాలి, మధ్యలో నిలబడి సెల్యూట్ ప్రయత్నం చేయకూడదు. ఓడలో ఒక చెయ్యి ఎప్పుడూ పట్టు మీద ఉండాలి కదా.

బోటు మర్యాద మాత్రం భూమ్మీది అలవాటుకి తిరగబడి ఉంటుంది. ఎక్కేటప్పుడు జూనియర్లు ముందు, పెద్దాయన చివర. దిగేటప్పుడు పెద్దాయన ముందు. ఆయన చిన్న బోటులో కూర్చుని మీకోసం ఊగుతూ ఎదురు చూడకూడదన్నదే కారణం. మర్యాద కోసం "మీరు ముందు సర్" అని పక్కకి తప్పుకునే కుర్రాడు అక్కడ పప్పులో కాలేసినట్టే.


సింధియా_జంక్షన్:

చాలా బాగా విడమరిచారు, అందరికీ ధన్యవాదాలు. మెట్ల పేరా దాదాపు యథాతథంగా నోట్‌లోకి వెళ్తుంది. మిగిలినవి రెండు మూడు. ఒకటి, సివిల్ డ్రెస్, బండి. రెండు, పక్కన సీనియర్ నడుస్తుండగా ఎదురుగా ఇంకొకరు వస్తే. మూడు, మావాళ్లలో ఒకరు లేవనెత్తింది: ఇరవై రెండేళ్ల సబ్ లెఫ్టినెంట్‌కి తండ్రి వయసున్న మాస్టర్ చీఫ్ (సెయిలర్లలో పై మెట్టువాడు) సెల్యూట్ కొడితే ఎలా తీసుకోవాలి?


రెండు_నక్షత్రాలు:

సివిల్ డ్రెస్ గురించి. మీరు సివిల్‌లో ఉంటే చేతి సెల్యూట్ లేదు, ఎవరికైనా నోటి పలకరింపే. మీరు యూనిఫాంలో ఉండి, సివిల్‌లో ఉన్న మనిషి మీ సీనియర్ ఆఫీసర్ అని గుర్తుపడితే సెల్యూట్ కొట్టాలి. ఆయన చెయ్యెత్తడు, తల ఊపి "గుడ్ మార్నింగ్" అంటాడు, అదే బదులు. పొద్దున్నే ఆర్కే బీచ్‌లో నిక్కర్లతో పరుగెత్తేవాళ్లలో సగంమంది ఏదో ఒక హోదా వాళ్లే. ఇద్దరూ పీటీ డ్రెస్‌లో ఉంటే పరుగు కొంచెం తగ్గించి "గుడ్ మార్నింగ్ సర్" చాలు. అక్కడ ఆగిపోయి సావధాన్‌లో నిలబడితే వెనక వచ్చేవాడు గుద్దుకుంటాడు.

బండి నడుపుతూ సెల్యూట్ కొట్టొద్దు. నేవల్ బేస్ గేటు దగ్గర, మల్కాపురం వైపు రోడ్డు మీద, ఎక్కడైనా సరే. హెల్మెట్ టోపీ లెక్కలోకి రాదు, పైగా హ్యాండిల్ మీది కుడి చెయ్యి తీస్తే యాక్సిలరేటర్ వదిలేసినట్టే. ఆగి ఉన్న బండి దగ్గర నిలబడి ఉంటే హెల్మెట్ తీసి టోపీ పెట్టుకున్నాకే సెల్యూట్ మాట. సైకిల్ మీదైతే వీపు నిటారుగా, హ్యాండిల్ మీది చేతులు చాచి, తల అటు తిప్పడం. కారులో వెనక కూర్చున్న ఆఫీసర్ గేటు దగ్గర సెంట్రీ కొట్టిన సెల్యూట్‌కి బదులివ్వాలి, నడిపేవాడు కాదు. యూనిఫాంలో సొంత కారు నడుపుతూ గేటు దగ్గర ఆగితే, బండి ఆగాక బదులివ్వండి.

రద్దీ చోట్ల, అంటే రైల్వే స్టేషన్ ప్లాట్‌ఫాం మీదో ఆర్టీసీ కాంప్లెక్స్‌లోనో, పద్ధతిగా సెల్యూట్ కొట్టే వీలు లేకపోతే కళ్లు కలిపి పలకరించడం ఎవరూ తప్పు పట్టరు. జనం మధ్య పక్కవాడి మొహానికి మోచేయి తగిలించి కొట్టే సెల్యూట్ మర్యాద అనిపించుకోదు.

పక్కన సీనియర్ ఉంటే సంగతి. ముందుగా, జూనియర్ ఎప్పుడూ ఆయనకి ఎడమ పక్కన నడవాలి, ఆయన కుడి చెయ్యి ఖాళీగా ఉండాలి. ఎదురుగా మీ ఇద్దరికంటే జూనియర్ వచ్చి కొడితే బదులిచ్చేది మీలో పెద్దాయన ఒక్కరే. మీరూ చెయ్యెత్తితే ఆయనకి వచ్చిన సెల్యూట్‌లో మీరు వాటా తీసుకున్నట్టు. అదే మీ ఇద్దరికంటే పెద్దవాడు వస్తే ఇద్దరూ కొట్టాలి. ఎదురుగా వచ్చినవాడు మీకు సీనియర్, మీ పక్కనున్నాయనకి జూనియర్ అనుకోండి. అప్పుడు ఆయన మీ పక్కనున్నవారికి కొడతాడు, వారు బదులిస్తారు, ఆ మర్యాద ముగిశాక మీరు మీ పలకరింపు చెప్పండి.

పని చేస్తున్న దళం దగ్గరికి ఆఫీసర్ వస్తే పని ఆపించొద్దు. పని చేయించే ఇన్‌చార్జ్ ఒక్కడే సెల్యూట్ కొట్టి రిపోర్ట్ ఇస్తాడు. కుర్ర ఆఫీసర్ ఇన్‌చార్జ్‌గా ఉన్నప్పుడు తాను కూడా తాడు లాగుతూ చేతులు మురికి చేసుకుని ఉంటాడు, పైవాడు రాగానే ఏం చేయాలో తోచదు. తాడు వదిలే వీలుంటే వదిలి కొట్టాలి, వదిలితే ప్రమాదమైతే నోటితో రిపోర్ట్ చెప్పాలి. బరువు తాడు మీద ఉండగా సెల్యూట్ కోసం చెయ్యి వదిలినవాడిని ఏ సీనియరూ మెచ్చుకోడు.


డ్రిల్‌షెడ్:

మాస్టర్ చీఫ్ ప్రశ్నకి. సెల్యూట్ ఆ కుర్రాడికి కాదు, రాష్ట్రపతి ఇచ్చిన కమిషన్‌కి. కాబట్టి మొహమాటపడి చెయ్యి ఊపేయడం, నవ్వుతూ "అరె, వద్దులెండి" అనడం రెండూ తప్పే. ఆయన పాతికేళ్ల సర్వీసులో పద్ధతి తప్పకుండా కొట్టిన సెల్యూట్‌ని మీరు తేలిక చేసినట్టవుతుంది. ఆగండి, లేదా అడుగు నెమ్మదించండి. ఆయన కళ్లలోకి చూసి, ఆయన కొట్టినంత శుభ్రంగా బదులు కొట్టండి, "గుడ్ మార్నింగ్ మాస్టర్ చీఫ్" అని పిలవండి. ఆర్మీలో అయితే "సుబేదార్ సాబ్", అదే మర్యాద. పేరు పెట్టి పిలవడం ఎక్కడా లేదు. ఆయన అనుభవాన్ని గౌరవించాలనుకుంటే పని దగ్గర ఆయన మాట వినండి, సెల్యూట్ దగ్గర మొహమాటం చూపించి కాదు.

బదులు ఇవ్వడం సీనియర్ దయ కాదు, అతని విధి. కొత్త ఆఫీసర్లలో ఎక్కువమంది పైకి కొట్టేది బాగా నేర్చుకుని, కిందికి ఇచ్చే బదులు దగ్గర జారిపోతారు. జేబులో చెయ్యి, నోట్లో మాట, చూపు ఎక్కడో, రెండు వేళ్లు టోపీ అంచుకి తగిలిస్తారు. బేస్‌లో అది ఒక్క వారంలో అందరికీ తెలిసిపోతుంది, తర్వాత ఆ ఆఫీసర్ కనబడితే సెయిలర్లు దారి మార్చుకుని అటు వెళ్లిపోతారు. ఇదీ నోట్‌లో రాయండి, పెద్ద అక్షరాలతో.


నేవల్‌పార్క్_పాతకాపు:

జాతీయ గీతం సంగతి మిగిలిపోయింది. పూర్తి గీతం సుమారు 52 సెకన్లు. యూనిఫాంలో టోపీతో ఉన్న ఆఫీసర్ సెల్యూట్‌లో ఉంటాడు, సివిల్‌లో ఉన్నవాడు సావధాన్‌లో నిలబడతాడు, చెయ్యెత్తడు. 52 సెకన్లు చెయ్యి వణకకుండా నిలపడం ఇంట్లో సాధన చేయమనండి, సగం దాటాక మోచేయి దిగిపోతుంది. జెండా వందనం దగ్గర ముఖ్య అతిథి టోపీ లేకుండానే వందనం స్వీకరించవచ్చని ఫ్లాగ్ కోడ్‌లోనే ఉంది. అది చూసి "అయితే నాకూ టోపీ అక్కర్లేదు" అనే పిల్లలు ప్రతి ఎన్‌సీసీ బ్యాచ్‌లోనూ ఒకడుంటాడు. ఆ వెసులుబాటు ముఖ్య అతిథికే.

బీచ్ రోడ్డులో విక్టరీ ఎట్ సీ స్మారకం దగ్గర పుష్పగుచ్ఛం పెట్టే క్రమం కూడా అడుగుతారు. పుష్పగుచ్ఛం రెండు చేతులతో పెట్టి, ఒక్క అడుగు వెనక్కి వేసి, అప్పుడు సెల్యూట్. వంగి ఉండగానే చెయ్యెత్తకూడదు. గుచ్ఛం రిబ్బను ముందుకు కనిపించేలా తిప్పి పెట్టాలి, తర్వాత సర్దడానికి మళ్లీ వంగకూడదు.


సింధియా_జంక్షన్:

రాసుకున్నాను. ఒక్కటే చివరి అనుమానం. దూరం నుంచి వస్తున్నాయన భుజం సరిగ్గా కనిపించడం లేదు, రెయిన్‌కోట్ వేసుకున్నాడు, పెద్దో చిన్నో తెలియదు. అప్పుడు?


నేవల్‌పార్క్_పాతకాపు:

కొట్టేయండి. సమానుడైతే తిరిగి కొడతాడు, జూనియర్ అయితే కంగారుపడి ఇంకాస్త గట్టిగా కొడతాడు. కొట్టకుండా వదిలేసినప్పుడు ఆ రెయిన్‌కోట్ కింద నాలుగు పట్టీలుంటే, మర్నాడు పొద్దున్న మీ ఎక్స్‌ఓ (ఓడలో కమాండింగ్ ఆఫీసర్ తర్వాతి ఆఫీసర్) కేబిన్‌లో టోపీ పెట్టుకుని నిలబడాల్సి వస్తుంది.